మా అమ్మ స్వెటర్‌కు పట్టిన వింటేజ్ యోగం

చలికాలంలో వెచ్చగా ఉండటం శుద్ధ వెనకబాటుతనం! ఒళ్లు నిండా స్వెటర్ తొడుక్కుని తిరిగేవాళ్ల వల్లే మన వికారాబాద్ ఇంకా ఇలా ఉందని నా గట్టి అభిప్రాయం.

ఈ జ్ఞానం నాకు మా అమ్మాయి వైశాలి వల్ల కలిగింది. పాత స్వెటర్లను కత్తిరించి, కొత్త తీరులో కుట్టి, 'వింటేజ్' అని పేరు పెట్టి అమ్మడం ఆమె వ్యాపారం. అనంతగిరి రిసార్టులకు వచ్చే హైదరాబాద్ జనం ఎగబడి కొంటున్నారు. అయితే సరుకు కొత్తగా కనిపించిందా, ఎవరూ ముట్టుకోరు! అందుకే మా పెరట్లో తాండూరు బండ మీద స్వెటర్లను రుద్ది రుద్ది ముసలివాటిని చేస్తున్నాం. జీవితమంతా మరకలతో యుద్ధం చేసిన నా భార్య అరుణాదేవి కూడా ఇప్పుడు మరక కనిపిస్తే మురిసిపోతోంది. ప్రగతి అంటే ఇది కాదా?

ఒకప్పుడు బట్ట చిరిగితే సిగ్గు. ఇప్పుడు చిరగకపోతే సిగ్గు! మొన్న ఒక కస్టమర్ చిల్లులు తక్కువయ్యాయని సరుకు వాపసు చేసింది. వైశాలి క్షమాపణ చెప్పి, ఇంకో నాలుగు చిల్లులు పెట్టి పంపింది. నా మంకీ క్యాప్ చేతిసంచిగా మారి గచ్చిబౌలికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఇంతవరకు గచ్చిబౌలి చూడలేదు.

చివరికి మా అమ్మ కౌసల్యమ్మ స్వెటర్ వంతు వచ్చింది. తాండూరు స్టేషన్ రోడ్డులో బాషా పోసే సెకండ్‌హ్యాండ్ బట్టల గుట్టలో ఏరుకున్న మెరూన్ స్వెటర్ అది. ఏ దేశపు దొరసాని విడిచిందో గానీ, ఆస్తమా మనిషిని ఏళ్ల తరబడి కాపాడింది. అమ్మ స్నానం చేసి వచ్చేసరికి అది చేతుల్లేని పొట్టి కోటయి హ్యాంగర్‌కు వేలాడుతోంది. జేబు దగ్గర అమ్మ వేసుకున్న రఫు కుట్టు పక్కనే 'నానమ్మ జ్ఞాపకం' అని చీటీ! నానమ్మ ఇంకా బతికే ఉందన్న చిన్న విషయం చీటీలో పట్టలేదు.

ఇంకొకటి తెద్దామని తాండూరు పరిగెత్తాను. బాషా ఖాళీ టార్పాలిన్ మడతపెడుతున్నాడు.

"గుట్ట మొత్తం మీ బిడ్డనే కొనుక్కపోయింది సార్. గిప్పుడు బండలు కొట్టేటోళ్లకు గుడ ఒక్కటి లేదు."

దీన్ని అన్యాయం అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు కళాదృష్టి లేదు!

వట్టి చేతులతో ఇల్లు చేరాను. దుప్పటి కప్పుకుని దగ్గుతున్న అమ్మ మనవరాలిని బతిమాలుతోంది.

"కోటు నువ్వే ఉంచుకో బిడ్డా. జర గా చేతులన్న ఇయ్యి, తొడుక్కుంట."

వైశాలి తల దించుకుంది. "చేతులు గుడ అమ్మిన నానమ్మా. ఒక మేడం తన కుక్కపిల్లకు అంగీ కుట్టించుకున్నది."

అమ్మ దగ్గు ఆపుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"గా కుక్కపిల్లకైన వెచ్చగున్నదా?"



పాఠకులారా, వింటేజ్ ఉద్యమం వర్ధిల్లాలి! మీ ఇంట్లో పాత స్వెటర్ ఉంటే వెంటనే బయటికి తీయండి. తీసి, మీ అమ్మకు తొడిగి, గుండీలన్నీ పెట్టండి. మా అమ్మాయి మీ వీధిలోకి వస్తే మాత్రం తలుపు వేసుకోండి.