అయిదడుగుల పాచి

పాచి గురించి తెలుసుకోవాలంటే పాచి కనబడాలన్న పాతకాలపు మూఢనమ్మకానికి ఎట్టకేలకు తెరపడింది. ఇకమీదట డిగ్రీ విద్యార్థులందరూ మాస్ అనే పాచి మొక్కలనూ, వాటి చుట్టాలైన లివర్‌వర్ట్‌లనూ ఆన్‌లైన్‌లోనే నేర్చుకుంటారు. ఇందుకోసం ‘పాచిమిత్ర’ అనే యాప్ వెలసింది. దాన్ని నడపడానికి ‘పువ్వులు పూయని మొక్కల అంతర్జాల అభ్యసన మండలి’ ఏర్పడింది. మండలికి ఒక సంచాలకులు, ఇద్దరు అదనపు సంచాలకులు (తడి విభాగానికొకరు, పొడి విభాగానికొకరు), ఒక కారు మంజూరయ్యాయి. (కారు పొడి విభాగం కిందికి వస్తుంది.)

ఈ శుభవార్త మనీషాకు వాట్సాప్‌లో అందింది. కొత్తకోట దాటాక ఇంకో బస్సు మారితే వచ్చే ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఆమె బోటనీ గెస్ట్ లెక్చరర్. (గెస్ట్ కాబట్టి కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడల్లా సగౌరవంగా కూర్చోవచ్చు.) సర్క్యులర్‌ను ఆమె రెండుసార్లు చదివింది. బోధనకు పాచి అవసరం లేదు గాని, పాచి ఉన్నట్టు రుజువు అవసరమట. ప్రతి కాలేజీ తన ఆవరణలో పెరుగుతున్న పచ్చని పాచిని యాప్‌లో నమోదు చేయాలి. చేయని కాలేజీలో వచ్చే ఏడాది నుంచి బోటనీ గ్రూపు ఎత్తేస్తారు. నమోదుకు గడువు ఏప్రిల్, మే నెలలు.

ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండలు ఎట్లా ఉంటాయో మండలికి తెలియదనుకోవడం తప్పు. తెలుసు. అందుకే తడి విభాగం అదనపు సంచాలకులు ఆ రెండు నెలలూ సెలవులో ఉంటారు.

గ్రూపులో ఉన్నదే గుప్పెడు మంది అమ్మాయిలు. వాళ్ళలో చురుకైనది శ్రుతి. పక్క ఊరి నుంచి వస్తుంది. తల్లీతండ్రీ ఊళ్ళు పట్టుకుని కట్టుబడి పనులకు తిరుగుతుంటే, నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. సర్క్యులర్ సంగతి విని ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

“మేడం, ఈడ గ్రూపు లేకపోతే వనపర్తి పోవాలె. మా నాయిన గంత దూరం పంపడు. సదువు సాలు, నువ్వు గూడ పనికి రా అంటడు.”

మనీషా ఆ పిల్ల భుజం తట్టింది. “ఊకో శ్రుతీ. పాచే గదా కావాల్సింది. మనకు లేదా ఏంది?” అంది.

ఉంది. బాత్రూముల వెనక గోడ మీద ఉంది. ఆ గోడ పైనున్న నీళ్ళ ట్యాంకు ఏళ్ళ తరబడి కారుతోంది. రిపేరు చేయించమని ప్రిన్సిపాల్ కురుమూర్తి గారు రాయని పై ఆఫీసు లేదు. ఒక్కరైనా పట్టించుకుని ఉంటే ఆ గోడ మీద జీవమన్నదే ఉండేది కాదు. కాని ఎండలకు ట్యాంకే ఎండిపోయింది. పాచి నల్లగా మాడి, గోడకు పట్టిన మసిలాగా ఉంది. మనీషా ఒక మగ్గు నీళ్ళు చల్లింది. అమ్మాయిలు ఊపిరి బిగబట్టి చూస్తుండగానే ఆ నలుపులోంచి మెల్లగా పచ్చదనం విచ్చుకుంది.

“మేడం! బతికింది!” అని శ్రుతి గంతేసింది.

ఆ రోజు నుంచి అమ్మాయిలు తాగగా మిగిలిన సీసాల నీళ్ళు గోడకు పోయసాగారు. అటెండర్ యాదమ్మకు ఇది చూసి ఒళ్ళు మండింది.

“గిదేం పిచ్చి మేడం! మనుషులకే తాగనీకి నీళ్ళు లేవంటే గోడకు తాపుతున్రా?”

“అది పాఠం యాదమ్మా. ఆ మొక్కలకు ఫోన్‌ల కూడా పాఠాలున్నయి, చూడు.”

యాదమ్మ యాప్ చూసింది. పాఠంలో మంచు కొండలు, వాటి మధ్య ఒక సెలయేరు, దాని పక్కన ఎవరిదో పెంపుడు కుక్క కనబడ్డాయి. (పాచి కుక్క వెనకాల ఉంది.) లివర్‌వర్ట్ అన్నచోట యాప్ స్వయంగా తెలుగు చేసుకుని ‘కాలేయ మొక్క’ అని రాసుకుంది. యాదమ్మ గొంతు తగ్గించింది.

“మేడం, గా లివర్ మొక్క ఓ పిడికెడు ఇయ్యున్రి. మా అల్లుడు తాగి తాగి లివర్ కరాబ్ చేసుకుండు.”

“అది మందు కాదు యాదమ్మా.”

“మరి మందు కాకపోతే, తినేది కాకపోతే, గవర్మెంటోళ్ళు గంత కష్టపడి ఫోన్‌ల ఎందుకు పెట్టిన్రు?”

ఈ ప్రశ్నకు యాప్‌లోని ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ విభాగంలో కూడా జవాబు లేదు.

గోడ పచ్చబడ్డాక మనీషా నమోదుకు కూర్చుంది. పాచిమిత్ర కొత్తగా తయారైన యాప్ కాదు. ఉద్యోగుల మొహం చూసి హాజరు తీసుకునే పాత యాప్‌నే పొదుపు కోసం పాచికి కేటాయించారు. కాబట్టి కెమెరాను గోడకు చూపగానే అది మర్యాదగా అడిగింది: “దయచేసి కళ్ళు ఆర్పండి.”

గోడ ఆర్పలేదు. మనీషా వెలుతురు మార్చింది, దగ్గరగా జరిగింది, దూరంగా జరిగింది. “దయచేసి కళ్ళు ఆర్పండి.” మండలి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, కళ్ళు ఆర్పని పాచిని ప్రాణం లేనిదిగా పరిగణిస్తామని చెప్పారు. గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ఇక గత్యంతరం లేక మనీషా గోడకు చెంప ఆనించి నిలబడి, శ్రుతిని ఫొటో తీయమని, పాచి తరఫున తానే కళ్ళు ఆర్పింది. యాప్ సంతోషించి ఎత్తు ఎంత అని అడిగింది. మిల్లీమీటర్లు రాస్తే ఒప్పుకోలేదు, అడుగులే కావాలంది. ఇద్దరూ ఆలోచించి, ఫొటోలో ఉన్నదాని ఎత్తే రాశారు. నమోదు పూర్తయింది.

నమూనా పేరు: మనీషా. జాతి: పాచి. ఎత్తు: అయిదడుగుల రెండంగుళాలు.

మర్నాడే కబురు వచ్చింది. పొడి విభాగం అదనపు సంచాలకులు జగదీశ్ గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. ఆయన సరేనంటేనే గ్రూపు నిలుస్తుంది.

తనిఖీ రోజు కొత్తకోట దగ్గర లారీలు అడ్డం పడి మనీషా ఎక్కిన బస్సు ఆలస్యమైంది. ఉరుకులు పరుగుల మీద కాలేజీకి చేరేసరికి గేటు నుంచి వరండా దాకా రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్ గీతలు తీర్చి ఉన్నాయి. మనీషా వరండా ఎక్కకుండానే బాత్రూముల వెనక్కి పరిగెత్తింది. గోడ మల్లెపువ్వులా తెల్లగా మెరిసిపోతోంది. కింద ఎర్రజాజు పట్టీ కూడా వేశారు.

“యాదమ్మా! పాచి ఏది?”

“మొత్తం గీకిన మేడం!” యాదమ్మ సున్నంతో పొక్కిన చేతులు సంబరంగా చూపించింది. “పెద్దసార్లు వస్తున్రు, కొంచెం గూడ ఉండొద్దని సార్ చెప్పిండు. ఎన్నేండ్ల మురికో! ట్యాంకు గూడ బాగు చేయించిండు సార్.”

ఆ చేతులు చూశాక తిట్టడానికి నోరు రాలేదు. మనీషా సున్నం బకెట్ పక్కనే చతికిలబడింది. నీళ్ళు పోసీ పోసీ పెంచుకున్న పిల్లలు గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతలో కురుమూర్తి గారు ఇస్త్రీ చొక్కాలో ప్రత్యక్షమయ్యారు.

“సార్, వాళ్ళు వస్తున్నదే పాచి చూడనీకి గదా!”

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. “గట్లంటే ఎట్ల మేడం? పాచి చూడనీకి వచ్చేటోళ్ళ ముందల గోడలు పాచి పట్టి ఉంటే మన ఇజ్జత్ ఏం గావాలె?”

కారు రానే వచ్చింది. జగదీశ్ గారు దిగి, ఫోన్ చూసుకుంటూ నడుచుకుంటూ వెళ్ళి తెల్లగోడ ముందు ఆగారు. అమ్మాయిలు వరండాలో బిక్కచచ్చి నిలబడ్డారు. ఏదైతే అది అయిందని మనీషా ముందుకు వచ్చింది.

“సార్, ఈ గోడ మీద పొద్దటి దాకా...”

ఆయన చెయ్యెత్తి ఆపారు. “చుక్క ఉన్నదమ్మా. మ్యాప్‌ల ఆకుపచ్చ చుక్క సరిగ్గా ఈడనే ఉన్నది.” ఫోన్ వంక, మనీషా వంక మార్చి మార్చి చూశారు. “అయిదడుగుల రెండంగుళాలు. సరిపోయింది. మంచిగ పెరిగింది.”

“సార్, అది నేను.”

“యాప్‌ల ‘నేను’ అనే కాలమ్ లేదమ్మా,” అని ఆయన మెత్తగా నచ్చజెప్పి, మర్యాదకు ఒకసారి గోడ వైపు తిరిగారు. “క్యాంపస్ శుభ్రంగ ఉన్నది. శభాష్!”

గ్రూపు నిలిచింది. శ్రుతి మనీషాను వాటేసుకుని ఏడ్చేసింది. మనీషా కూడా ఏడ్చింది గాని, సంతోషమెంతో ఉక్రోషమెంతో ఆమెకే తెలియలేదు. అప్పటి నుంచి అమ్మాయిలు తెల్లగోడ నీడలో కూర్చుని, ఫోన్లలో కుక్క వెనకాల ఉన్న పాచిని శ్రద్ధగా చదువుకున్నారు.

వానలు పడ్డాయి. ట్యాంకు బాగు చేసింది కాంట్రాక్టరే కాబట్టి అది మళ్ళీ కారసాగింది. సున్నం పెళ్ళలు రాలిన చోట ముందు పచ్చని మరకలు, ఆ తర్వాత మెత్తని తివాచీ. ఒక ఉదయం అమ్మాయిలందరూ గోడ ముందు గొంతుకూర్చుని ఒకే భూతద్దం కోసం కొట్టుకుంటుంటే మనీషాకు కళ్ళు చల్లబడ్డాయి.

“మేడం, చూడున్రి! సన్నటి కాడ, దాని మీద సిన్న టోపీ! గిది యాప్‌ల లేదు!” అంది శ్రుతి.

అప్పుడే కురుమూర్తి గారు ఫోన్ ఊపుకుంటూ వచ్చారు. ఆయనకు మాట తడబడుతోంది.

“మేడం! స్టేట్ మొత్తంల ఎత్తైన పాచి మనదేనంట! అవార్డ్ అనౌన్స్ చేసిన్రు! సంచాలకులు సార్ ఈ వారమే వస్తుండు. ఈ గోడ ముందలనే శాలువా కప్పుతడంట.”

“ఎవరికి సార్? నాకా, గోడకా?”

“అది ఇంక పైనుంచి క్లారిటీ రాలే మేడం.”

యాదమ్మ చీపురు పక్కన పెట్టి, ఎవరూ చెప్పకముందే, సున్నం నానబెట్టడానికి వెళ్ళింది.