వరండాలో పసుపు గీత

తైనాన్ నగరంలో మూలికల టీ అమ్మే లై యుంగ్-షెంగ్ ఆ ఉదయం రెండే పనులు పెట్టుకున్నాడు. ఒకటి, రోజూలాగే ఆకులు మరిగించడం. రెండోది, పక్కకొట్టు పావ్-జూ మీద గుట్టుగా ఒక ఫిర్యాదు పడేయడం.

కొట్ల ముందున్న వరండా చట్టప్రకారం జనం నడిచే దారి. అక్కడ బల్లలు వేయకూడదు. ఆ వీధిలో ఉన్న పది కొట్లలో వేయనివాళ్లు లేరు. కానీ పాలబొంత చేపల గంజి అమ్మే పావ్-జూ బల్లలు ఏటా ఓ జానెడు చొప్పున పక్కకు జరుగుతూ వచ్చి, లై టీ బానలకు అడ్డంగా నిలిచాయి. మొహం మీద చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఆవిడ ఇరవై ఏళ్లుగా అన్నా అని పిలుస్తోంది. ఆయన భార్య ఆస్పత్రిలో ఉన్న నెలంతా రెండు పూటలా గంజి మోసింది. అలాంటి మనిషితో తగవెందుకని లై ఫోనులో ఫొటో తీసి మున్సిపల్ ఆఫీసుకు పంపేశాడు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టకూడదని రూలుంది, ఆ ధైర్యం ఒకటి.

గంట తిరక్కముందే ఒక కళ్లద్దాల అమ్మాయి, వెనక ఇంకో ఉద్యోగి, టేపూ పసుపు రంగు డబ్బా పట్టుకుని దిగారు. సర్కారుకు ఇంత చురుకు ఎక్కడిదా అని లై విస్తుపోయాడు.

"గంజి కొట్టు ఇటు పక్కనమ్మా," అన్నాడు సాయం చేస్తున్నట్టు.

"ఒక్క కొట్టే కొలిచిపోతే పక్షపాతం అంటారు బాబాయ్. పదీ కొలుస్తాం," అంది ఆ అమ్మాయి. కొలిచింది కూడా. "అందరికంటే బయటికున్నవి మీ బానలే. మూడడుగులు లోపలికి జరపండి."

మధ్యాహ్నానికి పది కొట్ల గుమ్మాల ముందూ పసుపు గీత పడింది. పావ్-జూ ఆరు బల్లల్లో నాలుగు మడతపెట్టాల్సి వచ్చింది. వచ్చినవాళ్లు చోటు లేక వెనక్కి పోతుంటే, గరిటె పట్టుకుని చూస్తూ నిలబడింది. లై తల తిప్పుకున్నాడు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

దానికి తోడు, చక్రాల కుర్చీలో తిరిగే షూ అనే ముసలమ్మ, ఇన్నాళ్లూ రోడ్డు మీద స్కూటర్ల మధ్య ఎండలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయేది, ఆరోజు వరండా నీడన దర్జాగా వెళ్లింది. "ఎవరి పుణ్యమోగానీ చల్లగా ఉండాలి," అంది. ఆ దీవెన అందుకునే యోగ్యత లైకి లేదు. ముసలమ్మ సంగతి ఆయన కలలో కూడా అనుకోలేదు మరి.

సాయంత్రం పావ్-జూ ఆయన దగ్గరికే వచ్చింది.

"అన్నా, ఈ ఫిర్యాదు మన వీధిలోవాళ్ల పనే. అందరం మన వీధిని కాచే భూదేవుడి గుడికి పోయి, పెట్టింది నేను కాదని ఒట్టేద్దాం. పెద్దవారు, ముందు మీరే వేయాలి."

"దేవుణ్ణి ఇందులోకి లాగడం ఎందుకమ్మా?"

"మీలాంటి మంచివాళ్లు ఇలాగే వదిలేయమంటారు. వాడు మళ్లీ పెడతాడు."

పదిమందీ వీధి చివరి చిన్న గుడి ముందు చేరారు. ఫిర్యాదు చేసినవాడి కొట్టు ఏడాదిలో మూతపడాలని ఒట్టు. లై అగరొత్తులు అందుకున్నాడు. బూడిద రాలి చెయ్యి చురుక్కుమంది. దేవుడి మొహం చూశాడు, పావ్-జూ మొహం చూడలేకపోయాడు.

"నేనే," అన్నాడు. "నేనే పెట్టాను."

ఇనుప సామాన్ల కొట్టాయన, దొరికాడుగా, ఇక మనకు ఒట్లెందుకని అగరొత్తులు దించేశాడు. మిగతావాళ్లు అంతకంటే తొందరగా దించారు.

"నాతో ఒక్క మాటంటే జరిపేదాన్ని కదా అన్నా," అంది పావ్-జూ. ఆ రాత్రి లైకి అన్నం సహించలేదు.

మర్నాడు కళ్లద్దాల అమ్మాయి ఒక కాగితం తెచ్చి ఇచ్చింది.

"మీ ఫిర్యాదు తిప్పి పంపుతున్నాం బాబాయ్. ఫొటోలో కొట్టు నంబరు కనపడటం లేదు."

"మరి నిన్న వచ్చారు కదమ్మా?"

"అది మీ ఫిర్యాదు చూసి కాదు. ఈ వీధి నుంచి అంతకుముందే తొమ్మిది ఫిర్యాదులు వచ్చాయి. నాలుగు మీ బానల మీదే."

లై మనసులో లెక్క వేసుకున్నాడు. పది కొట్లు. తనది తీసేస్తే తొమ్మిది. పక్కన పావ్-జూ తల ఎత్తకుండా, ఎప్పుడో పొలుసు తీసేసిన చేపకు మళ్లీ పొలుసు తీస్తోంది.

"ఎవరెవరమ్మా?"

"చెప్పకూడదండీ. రూలు."

ఆ పూట నుంచి వీధంతా లైని చూసి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు దాచడానికి రూలు పక్కాగా ఉంది, తన పేరు తనే చెప్పుకున్నవాడి గురించి మాత్రం అందులో ఏమీ రాయలేదు.