వంద పడకలు, ఒక మాస్క్

వంద రోజుల్లో వంద పడకల ఆసుపత్రి కట్టి తీరుతామని మా ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. మాట మీద నిలబడే మనిషి. తొంభై తొమ్మిదో రోజు ఉదయం కబురు పెట్టారు, ఇంజనీరుకు కాదు, నాకు. నేను ప్రచార శాఖలో కంప్యూటర్లో ఫొటోలు దిద్దేవాణ్ణి.

"ఆసుపత్రి ఎంతవరకు వచ్చింది సార్?" అన్నాను.

"గోడలకు రంగులు కూడా అయిపోయాయి. ఒక మంచం వచ్చింది. తక్కిన తొంభై తొమ్మిదీ నీ చేతుల్లో ఉన్నాయి."

అంత నమ్మకం నా మీద మా ఆవిడకు కూడా లేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఫొటో తెరిచాను. పొడవాటి హాలు, కిటికీ పక్కన ఒకే ఒక మంచం, దాని మీద కాలికి పిండికట్టుతో ఒక ముసలాయన. వృత్తి దర్జీ. మెట్ల మీంచి జారిపడితే, ఖాళీ మంచం ఉంది కదాని ఎవరో తెచ్చి పడుకోబెట్టారట. ఆరు వారాలు కదలకూడదని డాక్టరు చెప్పాడు.

"ప్రారంభోత్సవానికి ముందే పేషెంటేమిటయ్యా? చెరిపెయ్" అన్నారు మంత్రిగారు.

"చెరిపేస్తే మళ్ళీ రాడు సార్. లేయర్ మాస్క్ వేద్దాం."

"అంటే?"

"ఫొటోని రెండు పొరలు చేస్తాం. కింది లేయర్‌లో ఖాళీ మంచం, పై లేయర్‌లో మనిషి. పైదానికి ముసుగులాంటి ఒక మాస్క్ తగిలిస్తాం. దాని మీద నలుపు పూస్తే మనిషి కనపడడు, కింద దుప్పటి కనపడుతుంది. తెలుపు పూస్తే మళ్ళీ వస్తాడు. ఎక్కడికీ పోడు సార్. ఉంటాడు, కనపడడంతే."

మంత్రిగారి మొహం వెలిగింది. "మా పార్టీలో ఇది ఎప్పట్నుంచో ఉంది. పేరే తెలీదు" అన్నారు.

నలుపు పూశాను. దర్జీ పోయి, ఉతికిన దుప్పటి వచ్చింది. ఆ మంచానికి తొంభై తొమ్మిది నకళ్ళు తీసి, దూరం వెళ్ళేకొద్దీ చిన్నవి చేస్తూ హాలంతా పరిచాను. ఒకదానికి ఏం చేస్తే అన్నిటికీ అదే జరిగేలా ముడిపెట్టాను. మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి.

ఆ పత్రిక పట్టుకుని ఆసుపత్రి సూపరింటెండెంటుగారు హాల్లోకి వెళ్ళారు. నిబంధనల మనిషి. ఫొటోలో మంచం ఖాళీ, ఎదురుగా మంచం మీద దర్జీ. రెంటిలో ఏదో ఒకటే నిజం కావాలి. ఫొటో ప్రభుత్వం విడుదల చేసింది, దర్జీని ఎవరూ విడుదల చెయ్యలేదు.

"మీరు ఇక్కడ లేరండీ" అన్నారాయన మర్యాదగా.

"మరి కాలు నొప్పెడుతోందే?"

"నొప్పి ఫొటోలో రాదు."

సాయంత్రానికల్లా దర్జీని డిశ్చార్జి చేశారు.

మరుసటి రోజు దర్జీ కూతురి భుజం పట్టుకుని, కట్టుకాలు ఈడ్చుకుంటూ మా ఆఫీసుకు వచ్చాడు. "నన్ను మాయం చేసింది నువ్వేనట కదా నాయనా. కాస్త కనపడేలా చెయ్యి. ఆరు వారాలే. కాలు అతుక్కున్నాక మళ్ళీ నలుపు పూసుకో."

కూతురు నా మొహంకేసి చూస్తూ నిలబడింది. నాకు సిగ్గేసింది.

"ఆ బెంచీ మీద కూర్చో బాబాయ్" అని ఫైలు తెరిచాను. ఉద్యోగం పోతే పోనీ అనుకుని తెలుపు పూశాను. ముందు కాలు, తర్వాత గడ్డం, తర్వాత కళ్ళజోడు. దర్జీ వచ్చేశాడు. నకళ్ళకు ముడిపెట్టిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. వంద మంచాల మీద వంద మంది దర్జీలు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు లోపలికి వచ్చి తెర చూశారు. బెంచీ వైపు చూడలేదు.

"రెండు రోజుల్లో ఆసుపత్రి నిండిపోయిందా? అందరికీ కాళ్ళేనా?"

"ఒకటే కాలు సార్."

"ఎముకల విభాగం అద్భుతంగా పనిచేస్తోందని రాయించు. రేపు ఇదే వెయ్యాలి."

నా ఉద్యోగం పోలేదు. మెచ్చుకోలు కూడా వచ్చింది. మర్నాడు పత్రిక రాగానే సూపరింటెండెంటుగారికి ఫోన్ చేశాను. దర్జీ, కూతురు పక్కనే ఉన్నారు.

"ఫొటోలో ఇప్పుడు ఆయన ఉన్నాడు సార్. ఇక మంచం ఇచ్చెయ్యండి."

"చూశానండీ" అన్నారాయన. "వంద మంచాలూ నిండి ఉన్నాయి కదా. ఖాళీ అయితే కబురు చేస్తాను."

దర్జీ మా బెంచీ మీదే కాలు చాపుకుని పడుకున్నాడు. పత్రిక ముందు పెట్టుకుని, ఫొటోలోని ఆ వంద మందిలో ఎవరైనా లేస్తారేమోనని చూస్తున్నాడు.