మంచి స్థితిలో అందినది

సరుకు చేతికి రాకముందే సరుకు కాగితాలు అర్థం చేసుకోగల మహిళలు దేశం మొత్తమ్మీద ఆళ్లగడ్డలోనే ఉండాలని మంత్రిగారు నంద్యాల సభలో ప్రకటించారు. చప్పట్లు బాగా పడ్డాయి. వారం తిరక్కుండా కుట్టుమిషన్ల పథకం అధికారి శ్రీకాంత్‌గారు ఆళ్లగడ్డలో శిక్షణ శిబిరం పెట్టేశారు. అంత చురుకైన మనిషి.

ప్రభుత్వం ఇచ్చే కుట్టుమిషన్‌కు దరఖాస్తు పెట్టుకున్న అరవై మందిలో జబీనా ఒకతె. ఆమె పాత మిషన్ మూలపడింది. పక్కింటామె మిషన్ ఖాళీ అయినప్పుడు పోయి కుట్టుకొస్తోంది. అలా కుడితే ఎప్పటికి తెమలాలి? బడి యూనిఫారాల ఆర్డరు చేజారిపోయింది. అందుకే శిబిరంలో అందరికంటే ముందు కూర్చుంది.

"ఇది డెలివరీ చలానా. తెల్లది మీకు, గులాబీది లారీ ఆయనకు, పసుపుది మాకు. పెట్టె విప్పి, సరుకు చూసుకుని, 'మంచి స్థితిలో అందినది' అన్నచోట సంతకం పెట్టాలి" అని శ్రీకాంత్‌గారు ఎంతో ఓపికగా చెప్పారు.

"పెట్టె యాడ సార్?" అంది జబీనా.

"ఉందనుకోమ్మా. ఇది ప్రాక్టీసు."

అరవై మందీ ఉందనుకుని సంతకాలు పెట్టారు. తర్వాత ఉప్మా పెట్టారు. అది మాత్రం నిజంగానే ఉంది.

నెల గడిచినా మిషన్ రాలేదు. జబీనా బస్సెక్కి నంద్యాల ఆఫీసుకు పోయింది. శ్రీకాంత్‌గారు పసుపు కాగితం తీశారు.

"అందింది కదమ్మా. ఇదిగో నీ సంతకం."

"అది ప్రాక్టీసంటిరి గదా సార్!"

"ఎంత బాగా చేశావో చూడు. ఒక్క తప్పు లేదు."

జబీనాకు ఒళ్లు మండింది. తిరిగొస్తూ దారిలో ఒక చలానా పుస్తకం కొనుక్కుంది. మర్నాడు మిగతా యాభై తొమ్మిది మందినీ వెంటబెట్టుకుని మళ్లీ ఆఫీసుకొచ్చింది.

"మిషన్లు వాపసు ఇస్తాండాం సార్. అందినట్టు సంతకం పెట్టండి."

శ్రీకాంత్‌గారి మొహం వెలిగిపోయింది. వాపసు వచ్చిందంటే ముందు అందినట్టే కదా! రేపు ఎవరు తనిఖీకొచ్చినా ఇంతకంటే రుజువేం కావాలి?

"కారణం?"

"మిషన్ కండ్లకు ఆనడం లేదు సార్."

'దృష్టి లోపం' అని రాసుకుని, అరవై చలానాల మీదా 'మంచి స్థితిలో అందినది' అని సంతకం చేసి గుండ్రటి సీలు వేశారు. ఆ ఉత్సాహంలోనే చలానాల ఫోటో తీసి మంత్రిగారికి వాట్సాప్ చేశారు.

నిమిషంలో ఫోనొచ్చింది. మంత్రిగారి గొంతు గదంతా వినపడింది.

"అరవై మిషన్లు మన గోడౌన్లో ఉండాయంటనే! రేప్పొద్దున పేపరోళ్లను తోలుకొని వస్తాండా. ఆ ఆడోళ్లకే మళ్లీ నా చేత్తో ఇస్తా. ఫోటోలు బాగొస్తాయప్పా!"

శ్రీకాంత్‌గారు ఫోన్ పెట్టేసి రెండు గ్లాసుల నీళ్లు తాగారు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి జబీనాను అడిగారు.

"అమ్మా, ఈ మిషను... కాలితో తొక్కేదా, మోటారుదా?"

జబీనా సీలు పడిన చలానాలు సంచిలో సర్దుకుంది.

"మోటారుదే సార్. బల్లతో సహా."