తడిసిన పలకల మీద సైన్సు

ముందు మీరెవరూ నవ్వబోమని ఒట్టేయండి. అప్పుడే చెబుతాను.

మార్కాపురంలో నాది పలకల వ్యాపారమని మీకు తెలుసు. ఊరంతా నన్ను పలకల రంగనాయకులంటారు. ఈ దొరల రాజ్యంలో ఓనమాలు దిద్దిన పిల్లల్లో సగంమంది నా పలకల మీదే దిద్దారని నా గొప్ప. నేను మాత్రం సెకండు ఫారంతో చదువు ఆపేశాను. ఆ సంగతి నా భార్య చెంచులక్ష్మికి చెప్పలేదు. పెళ్లిచూపుల్లో మా నాయన "మావాడు సైన్సులో దిట్ట" అన్నాడు. పెద్దల మాట కాదనకూడదని ఊరుకున్నాను.

ఆ ఊరుకోవడమే పదహారేళ్ల తరువాత నా మెడకు చుట్టుకుంది.

మా అమ్మాయి నాగరత్నానికి పదిహేనేళ్లు. డాక్టరు కావాలని దాని కోరిక. మగపిల్లల హైస్కూలుకు పంపనని వాళ్లమ్మ పట్టు. అందుకని ఇంట్లోనే చదివించి ప్రైవేటుగా మెట్రిక్‌కు కట్టిద్దామనుకున్నాం. లెక్కలూ ఇంగ్లీషూ చెప్పడానికి ఒక ముసలి మాస్టరు దొరికాడు. సైన్సు ఆయనకు రాదు.

"ఇంట్లోనే దిట్ట ఉండె గదా, ఇంకో మాస్టరు ఏందికి?" అంది చెంచులక్ష్మి.

"నాకు దుకాణం పని..."

"దుకాణంలో ఈగలు తోలేదానికి జీతగాడు ఉన్నాడులే. కూర్చో."

కూర్చున్నాను. ఎనిమిది నెలలు సైన్సు చెప్పాను. అర్థమైన పేజీ చదివి వినిపించేవాణ్ణి. అర్థం కాని పేజీ వస్తే "ఇది పరీక్షకు రాదు" అని తిప్పేసేవాణ్ణి. ఆ పుస్తకంలో పరీక్షకు రానివి చాలా ఉన్నాయి.

ఇంతలో ఉత్తరం వచ్చింది. పట్నంలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే దయామణి టీచరమ్మ శనివారం మా ఇంటికి వస్తుందట. పిల్లను నాలుగు ప్రశ్నలడిగి, ఇంట్లో వస్తువులతో ఒక ప్రయోగం చేయిస్తుందట. తృప్తి పడితే దరఖాస్తు మీద సంతకం. లేకపోతే ఈ ఏడు పరీక్ష లేదు. ఈ ఏడు తప్పితే చదువు మానిపిస్తామని మావాళ్లు కాచుకుని కూర్చున్నారు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నా బడాయి వల్ల బంగారంలాంటి పిల్ల చదువు మట్టిలో కలుస్తుందేమోనని నిజంగా భయపడ్డాను. భయంలో మనిషికి బుద్ధి పుట్టదు, ఉపాయం పుడుతుంది.

శనివారం పొద్దున చెంచులక్ష్మి బావికి వెళ్లగానే తొమ్మిది పెద్ద పలకలు తీశాను. వాటి నిండా బలపంతో జవాబులు రాసి వసారా గోడకు వరసగా ఆనించాను. వాటికి వీపు చేసి టీచరమ్మ కుర్చీ, ఎదురుగా అమ్మాయి పీట. పలకల వ్యాపారి ఇంట్లో పలకలుంటే ఎవరికి అనుమానం?

అమ్మాయి వచ్చి అన్నీ చదివింది. "ఏంది నాయనా ఇది?" అంది.

"మరిచిపోతే చూసుకుంటావని, తల్లీ."

అది నా వంక జాలిగా చూసి బావి వైపు పోయింది. కాసేపటికి చెంచులక్ష్మి బిందెతో వచ్చి, దుమ్ము పట్టినాయంటూ పలకల మీద నీళ్లు గుమ్మరించింది. బలపం రాత మాయమై తొమ్మిదీ నల్లగా నిగనిగలాడాయి.

"ఎంత పని చేసినావే!"

"కడిగితే తప్పా? పరాయి మనిషి వచ్చాంది."

తడిస్తే కనబడని రాత ఆరితే మళ్లీ కనబడుతుంది. ముప్పై ఏళ్లు పలకలమ్మిన నాకు ఆ మాత్రం తెలుసు. విసనకర్ర తీసుకుని విసరడం మొదలుపెట్టాను. అంతలో టీచరమ్మను ఎక్కించుకుని జాఫర్ జట్కా వాకిట్లో ఆగింది.

దయామణి టీచరమ్మ లోపలికొచ్చి, "ఎండ కళ్లలో కొడుతోందండీ" అని కుర్చీ తిప్పుకుని పలకలకు ఎదురుగా కూర్చుంది.

ఇందాకటిదాకా ఆరాలని మొక్కినవాణ్ణి, ఇప్పుడు ఆరకూడదని మొక్కాలి. చెంబెడు నీళ్లు తెచ్చి పలకల మీద చల్లాను.

"అవేమైనా మొక్కలాండీ?" అందావిడ.

"ఎండకు పగుల్తాయమ్మా. తడిపి పెట్టాల."

ఆవిడ ప్రశ్న అడుగుతుంది, నేను చెంబుతో పరుగెడతాను. అమ్మాయి ఏం చెబుతోందో ఒక్క ముక్క వినలేదు. అటు చివర తడిపి వచ్చేలోగా ఇటు చివర ఆరుతోంది. మార్కాపురం ఎండతో ఎవరు పందెం కాయగలరు? ఐదోసారికి బిందె ఖాళీ. ఇంకో బిందె అడిగితే చెంచులక్ష్మి తాపీగా "అయిపోయినాయి" అంది.

పలకల మీద అక్షరాలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది.

"నీళ్లు వంద డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర మరుగుతాయి. ఇనుము వేడి చేస్తే ముడుచుకుంటుంది. ఇవెవరు రాశారు?"

నేనేనని ఒప్పుకుందామని నోరు తెరిచాను. అంతలో అమ్మాయి లేచి నిలబడింది.

"అదేనమ్మా నా ప్రయోగం. బలపం పొడి సందుల్లో గాలి ఉంటే వెలుతురు చెదిరి తెల్లగా కనబడుతుంది. ఆ సందుల్లో నీళ్లు చేరితే వెలుతురు అంతగా చెదరదు, రాత కనబడదు. నీళ్లు ఆవిరైపోతే మళ్లీ వచ్చాది."

"మరి ఈ తప్పులు?"

"నేను దిద్దాలని నాయన కావాలనే రాసినాడు. నీళ్లు మరిగేది రెండువందల పన్నెండు దగ్గర. ఇనుము వేడికి సాగుతాది. అందుకే బండిచక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడుగుతారు."

తొమ్మిది పలకలూ దిద్దింది. తప్పు లేని పలక ఒక్కటీ లేదు. టీచరమ్మ దరఖాస్తు మీద సంతకం చేసి, "ఇలా నేర్పే తండ్రిని నేనెక్కడా చూడలేదండీ" అంది. నేను నేల చూపులు చూశాను. వినయమనుకుంది.

జట్కా కదలగానే చెంచులక్ష్మి నవ్వింది. "వంద డిగ్రీలకే మరిగేటట్టయితే ఈ ఎండకు మన బావి ఎప్పుడో మరగాల."

"నీకెట్ల తెలుసు?"

"నువ్వు పరీక్షకు రాదన్న పేజీలన్నీ మడిచి పెట్టుకున్నాం. నువ్వు దుకాణానికి పోయినంక నేనూ పిల్లా కూర్చుని చదివినాం. పుస్తకంలో సగం మడతలే! పొద్దున బావి కాడికొచ్చి, తుడవొద్దు, నీళ్లు మాత్రం పొయ్యమ్మా అనింది నీ బిడ్డే."

"ముందే చెప్పొచ్చు గదే!"

"ఎట్ల చెప్తాం? సైన్సులో దిట్టవి గదా."

నాకు సిగ్గేసింది. దానికంటే ఎక్కువ సంతోషమేసింది. అమ్మాయి పలకా బలపం తెచ్చి నా చేతికిచ్చింది. "నీళ్లు రెండువందల పన్నెండు దగ్గర" అని పదిసార్లు రాయించింది. ఆ పలకను చెంచులక్ష్మి వసారాలో మేకుకు తగిలించింది. వచ్చినవాళ్లంతా చదివి, ఎవరు రాశారని అడుగుతారు.

వాన జల్లు కొట్టి ఆ రాత మాయమైనప్పుడు ఇంట్లో నాకు కాసేపు మర్యాద. మన ఊళ్లో వానలెంత కరువో మీకు తెలియనిదేముంది.