మేధావిగారు చదవని నవల

నెల మొదటి రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ మేధావి ఒక గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఈ నెల ఒక లావుపాటి నవల, ఒక విదేశీ సినిమా, టీవీలో సముద్రాల మీద వస్తున్న ఒక కార్యక్రమం, మూడూ పూర్తి చెయ్యాలి. మేధావి అన్నది అతని అసలు పేరు కాదు. ఆఫీసు లిఫ్టులో ఎప్పుడు చూసినా చంకలో పుస్తకంతో కనిపిస్తాడని తోటివాళ్లు పెట్టిన పేరు. ఆ పుస్తకం ఏడాదిగా ఒక్కటేనని ఎవరూ కనిపెట్టలేదు. వాళ్లు కనిపెట్టకుండా అతను అట్ట మాత్రం మారుస్తూ వచ్చాడు.

ఈసారి అట్టతో పని జరగదు. వాళ్ల ఆఫీసులో ప్రతి నెలాఖరునా ఒకరు లేచి, ఆ నెల తాము చదివినవీ చూసినవీ అందరికీ చెప్పాలి. ఈ నెల వంతు అతనిది. బాగా చెబితే గ్రంథాలయం బాధ్యత అప్పగిస్తానని మేనేజరు మాటిచ్చాడు. గ్రంథాలయమంటే పై అంతస్తులో, పెద్ద కిటికీ ఉన్న గది. మేధావి కుర్చీ ఏళ్ల తరబడి మరుగుదొడ్డి తలుపు పక్కన ఉంది. లోపలికి వెళ్లేవాళ్లు మర్యాదగా పలకరించి వెళ్తారు, వచ్చేటప్పుడు తడి చేత్తో కరచాలనం చేస్తారు. సాహిత్యం మీద అతనికున్న ప్రేమలో ముప్పాతిక వంతు ఆ కిటికీ మీదే.

నవల ఒక దర్జీ కుటుంబం కథ. మొదటి అధ్యాయంలో తాత సూదిలో దారం ఎక్కించబోయాడు. ఆయన ఎక్కించేలోగా మేధావికి నిద్ర ముంచుకొచ్చింది. మర్నాడూ అంతే. సినిమా అయితే పేర్లు పడుతుండగానే గురక మొదలైంది. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి లేచి, సినిమాలో ఏదో పెద్ద లారీ వచ్చిందనుకున్నాడు. ‘నా మొహానికి మేధావి అన్న పేరొకటి’ అని తన్ను తానే తిట్టుకుని, మళ్లీ పడుకున్నాడు.

సగం నెల గడిచేసరికి విషయం పీకల మీదికి వచ్చింది. ఆఫీసులో అతను సూపర్‌వైజరు. తన పని నలుగురికీ పంచి, చివర సంతకం పెట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యే ఇంట్లోనూ ప్రయోగించాడు.

"నవల నువ్వు చదివి కథ చెప్పు," అన్నాడు భార్యతో. "ఒరే బావమరిదీ, నువ్వు సినిమా చూడు. అత్తయ్యగారూ, మీరెలాగూ టీవీ ముందే ఉంటారుగా, ఆ సముద్రాలేవో కాస్త చూసిపెట్టండి."

"మరి మీరేం చేస్తారు?" అంది భార్య.

"నేను సమన్వయం చేస్తాను."

ఎవరి పద్ధతి వాళ్లది. భార్య ఏ నవలైనా వెనకనుంచి చదువుతుంది. చివరికి ఎవరు బతుకుతారో తేలకుండా ఎవరి మీదా మనసు పెట్టుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. బావమరిది సినిమాని రెట్టింపు వేగంతో, ఫోన్లో మాట్లాడుకుంటూ చూస్తాడు. అత్తగారు టీవీ పెట్టగానే కునుకు తీసి, సీరియల్ వేళకి మేలుకుంటారు. మధ్యలో కార్యక్రమం మారిన సంగతి పట్టించుకోరు.

ప్రసంగానికి ముందు రోజు పొద్దున ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"ముసలి దర్జీ పోయాడు. ఆ తర్వాత కొట్టు తెరిచాడు," అంది భార్య.

"పోయినవాడు కొట్టెలా తెరుస్తాడే?"

"నేను చదివిన వరసలో అంతే."

"కుక్క, రైలు బావా," అన్నాడు బావమరిది. "రైలు మాత్రం భలే స్పీడుగా వెళ్తుంది."

అత్తగారు కళ్లొత్తుకున్నారు. "సముద్రం అడుగున ఎంత చీకటో బాబూ. పెద్దకోడలు అందులోనే పోయిందనుకున్నారంతా. తీరా చూస్తే తిరిగొచ్చింది."

"సముద్రాల కార్యక్రమంలో కోడలెక్కడిదండీ?"

"సముద్రంలో ఎవరైనా పడొచ్చు కదా బాబూ."

మర్నాడు అందరి ముందూ నిలబడగానే మూడు కథలూ కలిసి ఒక్క నవలయ్యాయి. సముద్రంలో కొట్టుకుపోయిన పెద్దకోడలు కుక్కని వెంటబెట్టుకుని రైలు దిగి, ముసలి దర్జీ కొట్టు ముందు నిలబడింది. ఇక ఆవిడతో ఏమనిపించాలో తెలియలేదు. నోటికొచ్చింది అనేశాడు. "దీపం ఇంకా ఆర్పలేదేం మావయ్యా?" అంది కోడలు. "నువ్వు వస్తే చీకట్లో తడుముకుంటావని," అన్నాడు ముసలాయన. రాజీనామాలు అందుకున్నప్పుడు కూడా చలించని మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ నవల అందరం చదవాల్సిందేనయ్యా," అన్నాడు. "గ్రంథాలయం తాళంచెవి ఇక నీదే అనుకో."

అందరూ కొన్నారు, అందరూ చదివారు. కోడలు తిరిగొచ్చే ఘట్టం మాత్రం ఎవరికీ కనబడలేదు. అయినా మేధావి అబద్ధం చెబుతాడని ఒక్కరికీ తోచలేదు. తమ పుస్తకాల్లోనే పేజీలు ఊడిపోయాయని తీర్మానించి, మేనేజరు ప్రచురణకర్తకి ఘాటుగా ఉత్తరం రాశాడు. పొరపాటుకి చింతిస్తున్నామనీ, ఊడిన పేజీలు త్వరలో పంపుతామనీ జవాబొచ్చింది. మేధావి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"లేని పేజీలు వాడెక్కణ్ణుంచి పంపుతాడే?" అన్నాడు ఇంటికొచ్చి.

"చదవని పుస్తకం మీరెక్కణ్ణుంచి చెప్పారో అక్కణ్ణుంచే," అంది భార్య.

పేజీలు రాలేదు. వాటి బదులు రచయిత్రి స్వయంగా వచ్చింది. ఆఫీసంతా గుమిగూడింది.

"మా దర్జీ కోడలు తిరిగొచ్చిందని చెప్పింది మీరేనా?" అంది ఆవిడ.

"ఏ పేజీలో ఉందో చూపించవయ్యా," అన్నాడు మేనేజరు, ఎంతో నమ్మకంగా. ఆ నమ్మకం చూస్తే మేధావికి ఏడుపొచ్చింది. ఇంకొక్క అబద్ధం ఆడితే గది దక్కవచ్చు. కానీ ఇంకో అబద్ధం మొయ్యడానికి ఓపిక లేదు.

"నేను చదవలేదండీ," అన్నాడు. "మా ఇంట్లోవాళ్లు తలా ఒక ముక్క చెబితే అతికించాను. కావాలని మీ కథ పాడుచెయ్యలేదు. నాకు సాయంత్రమైతే చాలు, నిద్రొస్తుంది."

మేనేజరు మొహం తిప్పుకున్నాడు. రచయిత్రి మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, పగలబడి నవ్వింది.

"మీరే నయమండీ. అచ్చు వేసినవాడే చదవలేదని మీ ఉత్తరం వల్ల తెలిసింది. ఊడిన పేజీలు వెంటనే పంపమని నన్నే అడిగాడు. సరేగానీ, ఆ దీపం మాట ఎవరు చెప్పారు?"

"అది ఎవరూ చెప్పలేదండీ. భయంలో నా నోటికి వచ్చేసింది."

"ఆ మాట నాకిస్తారా? మలి ముద్రణలో కోడల్ని తిరిగి రప్పిస్తాను."

మేనేజరు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "చదివినవాళ్లు ఇన్నేళ్లూ వచ్చి మాట్లాడారు. వాళ్ల మాట విని ఒక్కడూ పుస్తకం ముట్టుకోలేదు," అంటూ తాళంచెవి తీసి మేధావి చేతిలో పెట్టాడు. "పుస్తకాలు నువ్వే చూసుకో. ప్రసంగం మాత్రం ఇంకెప్పుడూ చెయ్యకు."

కొన్ని నెలలకి మలి ముద్రణ వచ్చింది. మేధావి కిటికీ పక్కన కూర్చుని కట్ట విప్పాడు. మొదటి పేజీలో, ‘ఈ నవల చదవని పాఠకుడికి అంకితం’ అని ఉంది.

ఆ పేజీ అతను పూర్తిగా చదివాడు.