తోర్గ్ని వేసిన దారి

గురువారం ఉదయం తోర్గ్ని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఫ్లాస్కులో కాఫీ పోసుకోవాలి, చైను బండి ఎక్కాలి, చెరువులో నాలుగు చేపలు పట్టాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలి. అందులో ఊరివాళ్లెవరికీ పని లేదు.

చైను బండి అంటే మా స్వీడన్ సైన్యం వాడి వాడి వదిలేసిన బండి. రెండు ఆకుపచ్చ రేకు డబ్బాలు, మధ్యలో ఒక కీలు, కింద చక్రాలకు బదులు వెడల్పాటి రబ్బరు పట్టీలు. ముందు డబ్బాలో డ్రైవరు, ఇంజను. వెనక డబ్బాలో ఒకప్పుడు సైనికులు కూర్చునేవారు, ఇప్పుడు తోర్గ్ని గొడ్డలి కూర్చుంటుంది. స్టీరింగు తిప్పితే బండి నడుము దగ్గర వంగి తిరుగుతుంది. ఎంత లోతు మంచు మీదైనా తేలిపోతుంది. పెట్రోలు తాగడంలో దానికి మొహమాటం లేదు. మా గ్రన్‌సెలె ఊళ్లో ఇలాంటివి ఇంకా రెండున్నాయి. ఒకటి అడవిలో దుంగలు లాగుతుంది, రెండోదాంట్లో కోళ్లుంటాయి.

తోర్గ్ని దీన్ని నవంబరులో వేలంలో కొన్నాడు. కట్టెలు మోయడానికని భార్య గున్‌వోర్‌తో చెప్పాడు.

"ఇంటి వెనకే అడవి. ఆ నాలుగు అడుగులు కట్టెలు తేవడానికి మిలిటరీ బండా?" అంది గున్‌వోర్.

"మోకాళ్ల నొప్పులే!"

"మోకాళ్ల నొప్పైతే డాక్టరు దగ్గరికి పోతారు. సైన్యం దగ్గరికి పోరు."

మోకాళ్ల మాట అబద్ధం కాదు, కట్టెల మాటే అబద్ధం. కొండ వెనక పదకొండు కిలోమీటర్ల అవతల, మ్యాపులో పేరు కూడా లేని ఒక చెరువుంది. అందులో ఎర్రపొట్ట చేపలుంటాయి. తోర్గ్నికి పన్నెండేళ్లప్పుడు తండ్రి అక్కడికి తీసుకెళ్లి, "ఇది మనిద్దరికే తెలుసు. గురువారాలు మాత్రమే రా, మిగతా రోజుల్లో చేపల్ని కంగారు పెట్టకు" అని ఒట్టు వేయించుకున్నాడు. యాభై ఏళ్లు తోర్గ్ని ఆ ఒట్టు మీద స్కీలు తొడుక్కుని గురువారం గురువారం వెళ్లాడు. ఇంట్లో మాత్రం దిగువ నదికని చెప్పేవాడు. గున్‌వోర్ ఎప్పుడూ ఏమీ అడగలేదు. అది ఆవిడ మంచితనమనుకున్నాడు. పోయిన ఏడాది మోకాళ్లు మొరాయించాయి. చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని కొండవైపు చూడడంతోనే సరిపోయింది. తండ్రి పోయినప్పుడు కూడా అంత దిగులు పడలేదేమో.

అందుకే బండి. ఆ ఉదయం చలి మైనస్ పద్దెనిమిది. చెవులకు మఫ్‌లు తగిలించి, ఇంజను రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకునేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. బండి పెరడు దాటి, పాత గడ్డికొట్టం పక్కనుంచి చిత్తడి నేల మీదికి దిగింది. వేసవిలో మనిషి మోకాలిదాకా దిగబడే చోటది. ఇప్పుడు దాని మీద మీటరు మంచు. చిన్న బిర్చి మొక్కలు వంగి బండి కింద దూరి, వెనక మళ్లీ లేచి నిలబడుతున్నాయి. హీటరు సరిగ్గా మోకాళ్లకు కొడుతోంది. తోర్గ్నికి పాట వచ్చింది. ఇంజను హోరులో ఆ పాట తనకే వినపడలేదు కాబట్టి ఇంకా హాయిగా పాడుకున్నాడు.

మూడు కిలోమీటర్లు పోయాక పక్క అద్దంలోకి చూశాడు. పాట ఆగిపోయింది.

వెనక రోడ్డు పడి ఉంది. రెండు మీటర్ల వెడల్పున, స్కేలు పెట్టి గీసినట్టు, అతని పెరట్లోంచి అతని రహస్యం వైపు తిన్నగా వస్తోంది. స్కీల జాడ రెండు సన్నటి గీతలు, సాయంత్రం గాలికి మాసిపోతుంది. మూడు టన్నుల బండి జాడ అలా పోదు. కొనేముందు పెట్రోలు గురించి ఆలోచించాడు, గ్రీజు గురించి ఆలోచించాడు, ఆఖరికి పట్టీలు తెగితే ఎక్కడ దొరుకుతాయో కూడా కనుక్కున్నాడు. బండి వెనక ఏం మిగులుతుందో మాత్రం తట్టలేదు.

సరే, చూసేవాళ్లని తికమక పెడదామనుకున్నాడు. చిత్తడి నేల చుట్టూ ఒక చుట్టు చుట్టాడు. గుట్ట చుట్టూ రెండు. పైన్ చెట్ల మధ్య డ్రైవింగు పరీక్షలో లాగా ఎనిమిది అంకె వేశాడు. పావు ట్యాంకు పెట్రోలు తికమకకే అయిపోయింది. అప్పుడు చెరువుకు పోయి, బరమాతో మంచుకు కన్నం వేసి, గాలం దింపి కూర్చున్నాడు. మొదటి చేప తగిలినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చలిలో అవి తిరిగినంతసేపు కూడా పట్టలేదు, గడ్డకట్టాయి.

మరునాటి తెల్లవారేసరికి చలి మైనస్ ఇరవై ఐదుకు దిగి, నొక్కుకున్న మంచు సిమెంటులా బిగిసింది. కాఫీ తాగుతుండగా పక్కింటి హిల్డింగ్ తలుపు తట్టాడు.

"ఏవయ్యా తోర్గ్నీ, ఆ దారి ఎటు పోతుంది?"

"ఎటూ పోదు. కొత్త బండి కదా, అలవాటు చేసుకుంటున్నా."

"ఎటూ పోనిదానికి అన్ని మలుపులెందుకు?"

"మలుపులే అలవాటు కావాలి."

"గుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగావు."

"నువ్వు గుట్టదాకా ఎందుకెళ్లావ్?"

"ఊరికే. కుక్కని తిప్పుదామని."

హిల్డింగ్‌కు కుక్క లేదు. అతను వెళ్లిపోయాక తోర్గ్నికి కాఫీ దిగలేదు. ఆ మనిషి మొహంలో అంత కుతూహలం ముప్పై ఏళ్లలో ఎన్నడూ చూడలేదు. జాడ చెరిపేయాల్సిందే. రెండు గుబురు స్ప్రూస్ కొమ్మలు నరికి, తాడుతో బండి వెనక కట్టి, చీపురులా ఊడ్చుకుంటూ మళ్లీ అదే దారిన బయలుదేరాడు.

గుట్ట దగ్గర దిగి వెనక్కి చూసుకుంటే జాడ చెరగలేదు. పట్టీల గళ్లు పోయి, దారి పట్టుపరుపులా నున్నగా తయారైంది. దాని మీద ఎనభై ఏళ్ల సిగ్‌బ్రిత్ టీచరమ్మ స్కీల మీద జారుకుంటూ వచ్చి బండి పక్కన ఆగింది. ఊళ్లో సగం మందికి అక్షరాలు నేర్పింది ఆవిడే. స్కీ క్లబ్బుకు అధ్యక్షురాలు కూడా ఆవిడే.

"తోర్గ్నీ, నిటారుగా నిలబడు. నీతో మాట్లాడాలి."

తోర్గ్ని నిలబడ్డాడు.

"రేపు పందెం. క్లబ్బు మంచు స్కూటరు పాడైంది, దారి వేసే దిక్కు లేక పందెం మానుకుందామనుకున్నాం. నువ్వు ఎవరూ అడక్కుండానే దారి వేశావ్. వేసి ఊరుకోకుండా కొమ్మలు కట్టి నున్నగా లాగుతున్నావ్. నీలో మంచితనం ఉందని నాకెప్పుడూ అనుమానమే. మూడో తరగతిలో బయటపడలేదు గానీ."

"టీచరమ్మా, అది కాదండీ..."

"మాట్లాడకు, సిగ్గుపడకు. ఒక్కటే మాట. గుట్ట దాటాక దారి ఎడమకు పోనివ్వకు. అటు కొండ వెనక గాలి ఎక్కువ."

ఎడమకే చెరువు. ఆవిడ నోటితో ఆ మాట రావడం దేవుడి దయ అనిపించింది తోర్గ్నికి. ఎందుకు వచ్చిందని ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నమంతా కుడివైపుకు కొత్త దారి వేసి, దాన్ని ఊరివైపు తిప్పి కలిపాడు. ఎడమ దారి మొదట్లో పారతో నడుమెత్తు మంచు పోసి, పైన రెండు స్ప్రూస్ మొక్కలు గుచ్చాడు. మోకాళ్లు ఏడ్చాయి, మనసు మాత్రం కుదుటపడింది. క్లబ్బువాళ్లు వచ్చి మిగతా దారి పొడుగునా ఎర్ర జెండాలు పాతారు.

శనివారం పందానికి పదమూడు మంది స్కీలు తొడుక్కున్నారు. అందులో ఒకడు ఎస్‌కిల్, క్రిస్మస్‌కు ముందే ఊరికొచ్చిన కొత్త పాస్టరు. కుర్రతనం ఇంకా పోలేదు, కాళ్లు పొడుగు, ఏది చూసినా అదేమిటని అడిగే రకం. అందరి వెనక చైను బండి రావాలని టీచరమ్మ ఆజ్ఞ. వెనక డబ్బాలో అలసినవాళ్లు తాగడానికి వేడి నీలిపళ్ల (బ్లూబెర్రీ) పులుసు గుండిగ, దాల్చినచెక్క బన్నులు, వాటికి కాపలా టీచరమ్మ. ముందు తోర్గ్ని పక్కన గున్‌వోర్.

గుట్ట దాటేదాకా అంతా బాగుంది. మలుపు దగ్గర తోర్గ్ని బండి ఆపేశాడు. పోసిన మంచు కుప్ప రెండుగా చీలి ఉంది. గుచ్చిన మొక్కలు పక్కన పడి ఉన్నాయి. స్కీల జాడలన్నీ ఎడమకే పోయాయి. ముందు ఒక జాడ, దాని మీద మిగతా పన్నెండు జాడలు, ఏదో తరుముతున్నట్టు పెద్ద పెద్ద అంగలతో.

"పాస్టరే. ఎవరూ ఊరికే దారికి మంచు అడ్డం పోయరు కదా, అవతల ఏముందో చూద్దామనుకుని ఉంటాడు" అన్నాడు తోర్గ్ని.

"ఇంకా చూస్తావేం? పోనియ్!" అని అరిచింది గున్‌వోర్. ఆవిడ మొహం తెల్లబడింది. వెనక డబ్బాలోంచి టీచరమ్మ గోడ మీద దబదబ బాదుతోంది. దారి తప్పినవాళ్ల కోసం వీళ్లిద్దరూ ఎంత కంగారు పడుతున్నారో అనుకుని తోర్గ్నికి తన స్వార్థం మీద తనకే సిగ్గేసింది. అయినా పెడలు చివరిదాకా నొక్కాడు. బండి జన్మలో ఎరగని వేగంతో పరిగెత్తింది. ఆ వేగం గంటకు ముప్పై కిలోమీటర్లు. పులుసు సగం టీచరమ్మ కోటు మీద పడింది.

చెరువు మధ్యలో పాస్టరు ఎస్‌కిల్ చేతులు చాచి నిలబడి ఉన్నాడు. "ఎంత బాగుందండీ ఇక్కడ! ఇందులో చేపలుంటాయా?"

పన్నెండు మందీ ఆయాసపడుతూ ఎవరి స్కీలు వాళ్లు చూసుకుంటున్నారు. చివరికి హిల్డింగ్ ఉండబట్టలేక తోర్గ్ని మీదికి వచ్చాడు.

"ఏవయ్యా, మీ నాన్నకు వేసిన ఒట్టు ఇలాగేనా నిలబెట్టేది?"

"ఆ ఒట్టు సంగతి నీకెలా తెలుసు?"

హిల్డింగ్ చేతిలోని స్కీ కర్రను మంచులో గుచ్చాడు. తరువాత మెల్లగా, "నాది మంగళవారం" అన్నాడు. "రంపపు మిల్లు మూసేసి నన్ను ఇంటికి పంపారు చూడు, ఆ చలికాలం మీ నాన్న తీసుకొచ్చాడు. 'నీకొక్కడికే చెబుతున్నా' అన్నాడు."

"బుధవారం," అంది టీచరమ్మ, కోటు మీది పులుసు తుడుచుకుంటూ. "మా ఆయన పోయిన ఏడు. నాకొక్కదానికే అన్నాడు."

ఇక ఒక్కొక్కరే బయటపడ్డారు. కొట్టు నడిపే ఆయనది శుక్రవారం పొద్దున, పోస్టు పంచే ఆవిడది శుక్రవారం మధ్యాహ్నం, మిగతావాళ్లవి శనివారం తలా ఒక గంట. ఊళ్లో ఎవరు దిగులుగా కనబడితే వాళ్లకు తోర్గ్ని తండ్రి ఈ చెరువు చూపించి, ఒక రోజు రాసిచ్చి, ఒట్టు వేయించుకున్నాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో అడ్డదారి. గడ్డకట్టిన పాత కన్నాలు కనిపించినప్పుడల్లా అందరూ అవి తమవేననుకున్నారు.

తోర్గ్నికి ముందు తండ్రి మీద మండిపోయింది. మనిద్దరికే అన్నాడు కదా! తరువాత హిల్డింగ్ మొహం చూశాడు, టీచరమ్మ మొహం చూశాడు. కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆ ముసలాయన ఇప్పుడు ఎదురుగా ఉంటే గట్టిగా పట్టుకునేవాడు. అంతలో చూస్తే గున్‌వోర్ పక్కన లేదు. ఒడ్డున స్ప్రూస్ చెట్టు కింద మంచు తవ్వి, లోపల్నుంచి మడతకుర్చీ ఒకటి తీసి, విప్పి, కూర్చుంటోంది.

"నువ్వు కూడానా?"

"సోమవారం. పెళ్లయి వచ్చిన మొదటి చలికాలం మా ఊరి మీద బెంగపెట్టుకుని ఏడుస్తుంటే మామయ్య తీసుకొచ్చాడు."

"నలభై ఏళ్లు నాకొక్క మాట చెప్పలేదేం?"

"నీకు తెలియనివ్వొద్దన్నాడు. నీ కడుపులో ఏ రహస్యమూ నిలవదట."

తోర్గ్ని వెనక్కి తిరిగి చూశాడు. చెరువు ఒడ్డునుంచి ఊరిదాకా రెండు మీటర్ల వెడల్పున, తన బండి నొక్కిన గట్టి దారి ఎండలో మెరుస్తోంది. దూరంగా గుట్ట దగ్గర్నుంచి ఎర్ర జెండాలు కూడా ఉన్నాయి.

పాస్టరు ఎస్‌కిల్ ఇంతసేపూ ఒకరి తరువాత ఒకరిని ఆసక్తిగా చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"అంటే... నేను కూడా ఈ మధ్య కొంచెం దిగులుగానే ఉంటున్నానండీ."

అందరూ ఒక పక్కకు చేరి గుసగుసలాడుకున్నారు. చివరికి టీచరమ్మ ముందుకొచ్చి అతని చేత ఒట్టు వేయించుకుంది. వారంలో ఖాళీగా మిగిలింది ఆదివారం ఒక్కటే కాబట్టి పాస్టరుగారికి అది ఇచ్చారు.